ఆనిక నిలిస్తేనే గురి నిలుస్తుంది

(రైతు సంఘం మండల శిక్షణ శిబిరంలో పంటల రక్షణపై చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు అప్పజెప్పిన అంశం చిన్నది. అడవి పందుల బెడద మీద అనుమతితో రైఫిల్ వాడేటప్పుడు ముందుగా దాని గురి సరిచూడాలి. సరిచూసేటప్పుడు రైఫిల్‌ని దేని మీద ఆనించాలి? ఇంతే విషయం. మద్దతు ధర గురించి మాట్లాడాల్సిన చోట ఇసుక సంచుల ముచ్చటేంటని కొందరికి అనిపించవచ్చు. ధర దాకా పోవాలంటే ముందు పంట ఇంటికి రావాలి కదా. మక్క కంకి పాలు పోసుకునే వేళ ఒక పందుల గుంపు చేలో పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో మీకు చెప్పనక్కర్లేదు. తినేది కొంత, తొక్కి పడేసేది అంతకు రెట్టింపు. వేరుశనగ చేనయితే సాలు వెంట సాలు మూతితో దున్నిపోతాయి. విత్తనం, ఎరువు, కూలి, కౌలు అన్నీ ఆ ఒక్క రాత్రితో పోతాయి.

ఆ కడుపు మంటతోనే మనవాళ్లు కొందరు అడ్డదారులు తొక్కుతున్నారు. చేను చుట్టూ తీగ కట్టి కరెంటు వదులుతున్నారు. ఆ తీగకు పంది పడేది ఒకనాడు, మనిషి పడేది ఇంకొకనాడు. రాత్రి మోటారు వేయడానికి పోయిన పక్క చేను రైతు, తెల్లవారుజామున మేతకు తోలిన బర్రె, ఆ తీగకు అందరూ ఒకటే. మనిషి పోతే కట్టినవాడు జైలుకు పోతాడు, రెండు కుటుంబాలూ రోడ్డున పడతాయి. మీటరు లేకుండా లైను మీది నుంచి కరెంటు లాగడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం కూడా. నాటు బాంబుల సంగతీ అంతే. పందికి పెట్టిన ఎరను ఆవు కొరికితే దవడ ఎగిరిపోతుంది. లైసెన్సు లేని నాటు తుపాకీ ఎప్పుడు ఎవరి చేతిలో పేలుతుందో తెలియదు. సంఘం తరఫున మేము ఇంతకుముందూ చెప్పాం, ఇప్పుడూ చెబుతున్నాం: ఈ మూడూ మనకు వద్దు.

చట్టం ఏమంటున్నది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. 2022లో చేసిన సవరణ తరువాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని జంతువు మనిషి ప్రాణానికి గానీ, ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారితే దాన్ని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆస్తి అంటే చేలో నిలబడి ఉన్న పంట కూడా అని ఆ సెక్షన్‌లోనే స్పష్టంగా రాసి ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దరఖాస్తులో రాయండి. అట్లా చంపిన జంతువు 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. కోసుకోవడం, పంచుకోవడం, అమ్ముకోవడం నేరం. అధికారుల సమక్షంలో పూడ్చాల్సిందే.

తెలంగాణలో అటవీ శాఖ గుర్తించిన షూటర్లను పిలిపించుకునే పద్ధతి ఉంది. కేరళలో 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే ఈ అనుమతి అధికారం అప్పగించారు. మన దగ్గర కాగితం ఎన్ని బల్లలు తిరగాలో, ఎన్ని రోజులు పడుతుందో మీకు అనుభవమే. ఆ పోరాటం వేరే జరుగుతోంది. ఈ పూట మనం మాట్లాడేది కాగితం వచ్చిన తరువాతి సంగతి. షూటర్ వచ్చాడు, చేతిలో రైఫిల్ ఉంది. ఆ రైఫిల్ చూపిన చోటికే గుండు పోతుందని ఎవరు చెప్పాలి?

మీలో చాలామందికి లైసెన్సు లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. కానీ మీ చేలో పేలే గుండు గురించి అడిగే హక్కు మీకుంది. అడగాలంటే తెలిసి ఉండాలి. లైసెన్సు ఉన్న సభ్యులకైతే ఇది రోజువారీ పని.

ఒక మిల్లీమీటరు లెక్క

గురి తప్పిన గుండు రెండు పనులు చేస్తుంది. ఒకటి, పందిని చంపకుండా గాయపరుస్తుంది. గాయపడిన పంది పొదలో పడుకుని, పొద్దున కట్టెలకో, కలుపుకో పోయిన ఆడమనిషి మీదికి లేస్తుంది. మూగజీవి రోజుల తరబడి నరకం పడటమూ మనకు ఇష్టమైన విషయం కాదు. రెండు, అసలు తగలకుండా ముందుకు పోతుంది. రైఫిల్ గుండు చేను గట్టు దగ్గర ఆగదు. దానికి అడ్డు లేకపోతే కిలోమీటరు దాటి కూడా ప్రాణం తీస్తుంది.

లెక్క చూడండి. రైఫిల్ మీద వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు కదిలితే 50 మీటర్ల దూరంలో గుండు 8 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. 100 మీటర్లలో 16 సెంటీమీటర్లు దాటుతుంది. పందికి ప్రాణం ఉండే చోటు, అంటే ముందు కాలి వెనక గుండెకాయ, ఊపిరితిత్తులు ఉండే భాగం, సుమారు జానెడు. ఒక్క మిల్లీమీటరు వణుకు జానెడు చోటును దాటించగలదు.

చేతుల మీద ఎత్తిపట్టిన రైఫిల్ మిల్లీమీటరు కాదు, ఎంతో ఎక్కువ కదులుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది, ఊపిరి పీల్చినప్పుడల్లా లేస్తుంది. అట్లా పట్టుకుని మూడు గుండ్లు కాలిస్తే మూడూ మూడు దిక్కుల పడతాయి. తప్పు సైటుదా, మనిషిదా అన్నది తెలియదు. తెలియకుండానే సైటు తిప్పుతాం, మళ్లీ కాలుస్తాం, మళ్లీ తిప్పుతాం. లైసెన్సు మీద ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది. ఒక్కో తూటా ధర ఎంతో కొన్నవాళ్లకు తెలుసు. గట్టి ఆనిక మీద పెడితే మనిషి వణుకు పక్కకు పోతుంది. మిగిలేది రైఫిల్, దాని సైటు. అప్పుడు తప్పు ఎక్కడుందో కాగితం మీద కనిపిస్తుంది. ఏడెనిమిది తూటాలతో పని అయిపోతుంది.

దేని మీద ఆనించాలి

మా మండలంలో లైసెన్సు ఉన్న కొందరం కలిసి, ముందస్తు అనుమతి తీసుకుని, ఫైరింగ్ రేంజిలో రకరకాల ఆనికలు పెట్టి చూశాం. చూసింది చూసినట్టు చెబుతాం.

అన్నిటికన్నా గట్టి ఆనిక భూమి. బోర్లా పడుకుని, ముందు ఒక ఇసుక సంచి పెట్టుకుంటే దానికి మించింది లేదు. ఖర్చు లేదు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు, పొట్ట ఉన్నవాళ్లకు పడుకోవడం కష్టం కాబట్టి బల్ల కావాలి. బల్ల అంటే కదలని బల్ల. రేంజిలో సిమెంటు బల్ల ఉంటే అదే మేలు. లేకపోతే ఖాళీ యూరియా సంచుల్లో మట్టి నింపి, మూతి కుట్టి, ఇటుక కట్టుబడిలో పెట్టినట్టు అతుకు మీద అతుకు రాకుండా పేర్చాలి. నడుము ఎత్తు వరకు పేర్చితే దాని వెనక స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. రెండు మోచేతులూ సంచుల మీదే ఆనాలి.

పనికిరానివి కూడా చెప్పుకుందాం. నులక మంచం ఊగుతుంది. ఎడ్లబండి చక్రాల మీద కదులుతుంది, కింద రాళ్లు పెట్టినా ఇరుసు దగ్గర ఆట ఉంటుంది. ట్రాక్టర్ బానెట్ మీద రైఫిల్ జారుతుంది, ఇంజన్ నడుస్తుంటే వణుకు వేరే. మోటార్ సైకిల్ సీటు మెత్తగా ఉంది కదా అని పెడతారు, దాని కింద స్ప్రింగులున్న సంగతి మరిచిపోతారు. ఇద్దరు మనుషులు ఎదురుబొదురు కూర్చుని భుజం మీద పెట్టించుకోవడం చూశాం. అది చేయనే కూడదు. గొట్టం ముందుకు మనిషి తల రాకూడదు, పక్కకూ రాకూడదు.

ఇక సంచి. ముందు సంచికి పాత జీన్స్ ప్యాంటు కాలు చాలా బాగుంటుంది. అడుగు పొడుగు కత్తిరించి ఒక కొన కుట్టాలి. లోపల పలుచని ప్లాస్టిక్ కవరు పెట్టి అందులో ఇసుక పోస్తే రాలదు. ఇసుక జల్లెడ పట్టి, ఎండలో బాగా ఆరబెట్టాలి. తడి ఇసుక ఇనుముకు తుప్పు, చెక్కకు ఉబ్బు తెస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, వద్దు. ఏటి ఇసుక వాడండి. ఎరువుల సంచి గుడ్డ వాడితే రెండు మూడు సార్లు ఉతకాలి. దానికి అంటిన ఎరువు గాలిలో తేమను లాగి ఇనుమును తినేస్తుంది.

నిండా కూరకూడదు. నాలుగింట మూడు వంతులు నింపి మూతి కుట్టాలి. అప్పుడు పిడికిలితో ఒకసారి కొడితే మధ్యలో పల్లం పడి, రైఫిల్ ముందు చెక్క అందులో కూర్చుంటుంది. నిండా కూరితే గుండ్రంగా రాయిలా ఉండి రైఫిల్ అటూ ఇటూ దొర్లుతుంది. వడ్ల ఊక నింపి చూశాం. తేలిగ్గా ఉంటుంది కానీ ఒత్తితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. వడ్లు, జొన్నలు పరవాలేదు, మోసుకుపోవడానికి తేలిక, కానీ ఇంట్లో పెడితే ఎలుకలు వదలవు. ఇసుకకు సాటి లేదు.

వెనక సంచి చిన్నది. మందమైన పాత మేజోడులో కిలో ఇసుక పోసి ముడి వేస్తే చాలు. అది రైఫిల్ మడమ కింద, భుజానికి దగ్గరగా పెట్టాలి. ఎడమ చేత్తో ఆ సంచిని పిసికితే మడమ లేచి గొట్టం కిందికి వస్తుంది. వదిలితే గొట్టం పైకి పోతుంది. వెంట్రుకవాసి సర్దుబాటు ఆ పిడికిలితోనే చేయవచ్చు. చాలామంది ముందు సంచి పెడతారు, వెనక సంచి మరిచిపోతారు. ముందు మాత్రమే ఆనిస్తే సగం వణుకు భుజంలో మిగిలే ఉంటుంది.

నాలుగు నియమాలు

ఒకటి. సంచి మీద ఆనాల్సింది ముందు చెక్క, ఇనుప గొట్టం కాదు. గుండు పేలినప్పుడు గొట్టం తీగలా అదురుతుంది. దాన్ని దేనికైనా ఆనిస్తే ఆ అదురు మారిపోయి గుండు వేరే చోటికి పోతుంది. గొట్టం ఆనించి గురి సరిచేస్తే, చేలో మామూలుగా పట్టుకున్నప్పుడు ఆ గురి ఉండదు.

రెండు. గట్టి వస్తువు మీద నేరుగా పెట్టకూడదు. రాయి, కట్టె, ఇనుప కమ్మీ ఏదైనా సరే, పేలగానే రైఫిల్ దాని మీది నుంచి ఎగిరి గుండు పైకి పోతుంది. మధ్యలో మెత్తటిది ఉండాలి.

మూడు. ప్రతిసారీ ముందు చెక్క మీద ఒకే చోట ఆనాలి. పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. బెల్టు తగిలించే కొక్కెం సంచికి తగలకూడదు. తగిలితే వెనక్కి తన్నేటప్పుడు సంచిలో చిక్కుకుని గురి చెడగొడుతుంది.

నాలుగు. కదలకూడదని రైఫిల్‌ని తాడుతో కట్టడం, పట్టుకర్రలో బిగించడం చేయకూడదు. వెనక్కి తన్నే బలం ఎటో ఒకవైపు పోవాలి. భుజం దాన్ని తీసుకుని వెనక్కి జరుగుతుంది. కదలకుండా కట్టేస్తే ఆ బలమంతా చెక్క మీద పడి చెక్క చీలిపోవచ్చు. మనవాళ్ల దగ్గర ఉన్న పాయింట్ 315 రైఫిళ్లకు చెక్కే వెన్నెముక.

సరిచూసే వరస

తుపాకీలో తూటా లేదని ముందుగా చూసుకోవాలి. బోల్టు తీసి, రైఫిల్‌ని సంచుల మీద పెట్టి, గొట్టం లోంచి 25 మీటర్ల దూరంలోని కాగితం నడిమి చుక్కను చూడాలి. రైఫిల్ కదలకుండా తల ఎత్తి సైటులోంచి చూస్తే అదీ చుక్క మీదే ఉండాలి. లేకపోతే ముందుగా ఇక్కడే దగ్గరికి తేవచ్చు, ఒక్క తూటా ఖర్చు లేకుండా.

తరువాత బోల్టు పెట్టి 25 మీటర్లలో ఒక గుండు కాల్చి కాగితం మీద పడిందని చూసుకోవాలి. అక్కడ సరిపోయాక 50 మీటర్లకు పోవాలి. రాత్రిపూట చేలో కాల్చే దూరం అంతకు మించకూడదనే మా అభిప్రాయం. అక్కడ మూడు గుండ్లు నిదానంగా, ఒకదానికీ ఒకదానికీ మధ్య గొట్టం చల్లారనిచ్చి కాల్చాలి. ఊపిరి సగం వదిలి, ఆగిన ఆ క్షణంలో ట్రిగ్గర్‌ను లాగినట్టు కాక పిండినట్టు ఒత్తాలి. మూడు రంధ్రాలూ బెత్తెడు చోటులో పడితే ఆనిక బాగుంది, మనిషి బాగున్నాడు. అప్పుడు మూడింటి నడిమి చోటును లెక్కలోకి తీసుకుని సైటు జరపాలి. మూడూ చెల్లాచెదురుగా ఉంటే సైటు ముట్టుకోవద్దు. ముందుగా సంచులు, కూర్చున్న తీరు, సైటు మరలు చూసుకోవాలి.

వెనక సైటును గుండు ఎటు జరగాలో అటే జరపాలి. ముందు సైటుకైతే ఎదురు దిక్కు. దుర్భిణి ఉన్న రైఫిల్‌కు సాధారణంగా ఒక క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. 25 గజాల దగ్గర ఆ క్లిక్కు అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది. అంటే అక్కడ అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. ఈ లెక్క తెలియక తూటాలు తగలేసేవాళ్లు చాలామంది. దుర్భిణికి కన్ను ఆనించవద్దు. నాలుగు వేళ్లయినా ఎడం లేకపోతే వెనక్కి తన్ని కనుబొమ్మ చీలుస్తుంది. చెవులకు దూది చాలదు, చెవి కప్పులు పెట్టుకోండి.

ఇదంతా పొద్దున గాలి లేని వేళ చేయడం మేలు. రేంజిలో, అనుమతితో మాత్రమే చేయాలి. ఊరి బయట చెరువు కట్టకు కాగితం అంటించి కాల్చడం తప్పు. కట్ట మీద మనుషులు నడుస్తారు. నీటికి తగిలినా, బండరాయికి తగిలినా గుండు ఎగిరి దిక్కు మార్చుకుంటుంది.

మంచె మీద

రేంజిలో ఎంత బాగా సరిచూసినా చేలో ఆనిక వేరు. మంచె మీద కూర్చుంటే ముందు వెదురు కమ్మీ ఉంటుంది. నేరుగా దాని మీద పెడితే గుండు పైకి పోతుందని ఇప్పుడే చెప్పుకున్నాం. భుజం మీది కండువా నాలుగు మడతలు వేసి దాని కింద పెట్టండి, లేదా ఆ జీన్స్ సంచినే తీసుకెళ్లండి. మంచె ఊగితే నాలుగు కాళ్లకూ అడ్డకర్రలు కట్టండి. మంచె మీద రెండో మనిషి కదలకుండా ఉండాలి. వాడు బీడీ కోసం జేబు తడుముకున్నా రైఫిల్ ముందు కొన కదులుతుంది.

మంచెకు ఇంకో గుణం ఉంది. పై నుంచి కిందికి కాలిస్తే గుండు నేలలోకి దిగుతుంది. అందుకే మంచె ఎక్కడ వేయాలో షూటర్ ఒక్కడే కాదు, రైతు కూడా చెప్పాలి. పక్క చేలో ఎవరు కావలి పడుకుంటారు, ఏ దారిన ఎవరు నడుస్తారు, ఏ మోటారు దగ్గరికి రాత్రి ఎవరు వస్తారు, ఇవి హైదరాబాద్ నుంచి వచ్చిన షూటర్‌కు తెలియవు. మనకు తెలుసు. ఏ దిక్కు కాల్చకూడదో పగటిపూటే చూపించి, మంచె మీద ఆ వైపు ఒక తాడు కట్టి హద్దు పెట్టాలి. ఆ రాత్రి చుట్టుపక్కల చేలవాళ్లకు ముందే టముకు వేయించాలి.

మనం అడగాల్సినవి

అందుకని సంఘం గ్రామ కమిటీలు షూటర్ వచ్చినప్పుడు నాలుగు మాటలు అడగాలి. అయ్యా, అనుమతి కాగితం ఏది? ఈ రైఫిల్ గురి ఎప్పుడు, ఎక్కడ సరిచూశారు? మా మంచె మీద ఏం ఆనించి కాలుస్తారు? గుండు తప్పితే ఎక్కడ ఆగుతుంది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగినవాడినే మంచె ఎక్కించండి. గౌరవంగానే అడగండి, కానీ అడగండి. సరైన షూటర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. దరఖాస్తు ఇచ్చిన రోజుల్లోనే, పంట ఉండగానే అనుమతి రావాలి. కోత అయ్యాక వచ్చే అనుమతి ఎవరికి? జాబితాలోని షూటర్లు ప్రతి సీజనుకు ముందు రేంజిలో గురి సరిచూసుకుని ధృవీకరణ చూపాలి. సోలార్ కంచెకు సబ్సిడీ కౌలు రైతుకు కూడా అందాలి. పంట నష్టం పరిహారం పట్టాదారు ఖాతాలో కాదు, నష్టపోయిన సాగుదారు ఖాతాలో పడాలి. ఒక్క తుపాకీతో పందుల సమస్య తీరుతుందని మేము చెప్పడం లేదు. అడవి అంచున మేత, నీరు ఎందుకు తగ్గాయో కూడా అడగాల్సిందే. అంతవరకు మన చేలో పేలే ప్రతి గుండూ పడాల్సిన చోటే పడాలి, ఏ మనిషికీ తగలకూడదు.

ఇసుక, పాత ప్యాంటు, పాత మేజోడు. వీటికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు. లైసెన్సు ఉన్న సభ్యులు ఈ వారంలోనే రెండు సంచులు కుట్టించుకోండి. మిగతావాళ్లు, ఎవరి ఊళ్లోనైనా కరెంటు తీగ కట్టి ఉంటే ఈ సాయంత్రమే పోయి తీయించండి. వచ్చే నెల సమావేశంలో ఎన్ని ఊళ్లలో తీశారో కమిటీల వారీగా చెప్పాలి.